తప్పు జవాబు: ‘ఏటీ అవదు’

గోపాలపూర్,
2025 నవంబరు 2, ఆదివారం.

సోనాపురంలో ఉన్న వదిన తులసమ్మగారికి,

మీ వియ్యపురాలు కన్నమ్మ రెండు చేతులూ జోడించి చెప్పుకునే సంగతులు ఇవి. పైడన్న అన్నయ్యగారికి కూడా నా నమస్కారాలు అందజేయండి. ఇక్కడ మేమంతా కులాసా. సముద్రం ఒక్కటే కులాసాగా లేదు. మొన్నటి గాలివాన తరవాత దాని కోపం ఇంకా దిగలేదు, పడవలన్నీ ఇసక మీదే ఉన్నాయి. మీ వైపూ అంతే అనుకుంటాను.

ఫోనుండగా ఈ రోజుల్లో ఉత్తరం ఏమిటని మీరు అనుకుంటూ ఉంటారు. ఫోనుంది వదినా, నేను చేస్తే మీరు ఎత్తడం లేదు. ఉత్తరమైతే పోస్టుమాన్ చేతిలో పెట్టి పోతాడు. చింపి పారేసినా ముందు ఒకసారి చదివే చింపుతారు, ఆ మాత్రం మిమ్మల్ని ఎరుగుదును. నాకు తీరిక కూడా కుదిరింది. పంచుక నడుస్తోంది కదా, కార్తీకంలో ఈ ఆఖరి రోజుల్లో కొంగ కూడా చేపని ముట్టదని ఒడియా వాళ్ళు అంటారు. కొంగే ముట్టనప్పుడు బరంపురం బజారులో నా దగ్గర ఎవరు కొంటారు. గంప బోర్లించి కూర్చున్నాను. పున్నమి దాటిన మర్నాడు ఛాడఖాయి. నెలంతా నోరు కట్టుకున్న ఊరు ఒక్కసారిగా చేపల మీద పడే రోజు అది. అప్పుడు నాకు ఊపిరాడదు కాబట్టి చెప్పాల్సింది ఇప్పుడే చెప్పేస్తాను.

పోయిన వారం ఫోనులో మీరు నన్ను అన్న మాటలకి నాకు కోపం లేదు. అబద్ధం ఎందుకు, రెండు రోజులు ఉంది, తరవాత పోయింది. గల్ఫు డబ్బు మీద ఆశతో మీ పిల్లని పరీక్షల పేరు చెప్పి నలిపేస్తున్నానన్నారు. ఒకసారి తప్పింది చాలక రెండోసారి కూడా తప్పించి నలుగురిలో నవ్వులపాలు చేస్తారా అన్నారు. కన్నకడుపు అలాగే అంటుంది. నాకూ ఒక కూతురుండి ఉంటే ఇంతకి రెట్టింపు అనేదాన్ని. కానీ ఈ ఇంట్లో ఏం జరుగుతోందో మీకు తెలియదు. అది విన్నాక కూడా పిల్లని పంపించెయ్యమంటే, నేనే దాన్ని ఆటో ఎక్కిస్తాను.

ముందు ఆ పరీక్ష సంగతి. మస్కట్‌లో నర్సుగా పనిచేయాలంటే ఇక్కడి చదువొక్కటే చాలదట. ఆ దేశం వాళ్ళ లైసెన్సు పరీక్ష నెగ్గాలట. దానికి హైదరాబాదు వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చోవాలి. ప్రతి ప్రశ్న కింద నాలుగు జవాబులుంటాయి, అందులో ఒక్కటే ఒప్పు. ఆ పరీక్ష రాయమని మీ రింకికి నేను చెప్పలేదు, మా అబ్బాయి జగదీష్ చెప్పలేదు. గుండె జబ్బుల పెద్ద వార్డులో పనిచేయాలని దానికే కోరిక. బరంపురంలో అది చేసే నర్సింగ్ హోమ్‌లో అలాంటి వార్డు లేదు. మావాడు పడవ ఇంజన్లు బాగుచేసేవాడు కదా, ఇంజన్లు ఏ దేశంలోనైనా చెడిపోతాయి, నేనూ వెనకాలే వస్తానని పెళ్ళాంతో అన్నాడు. ఇందులో నా ఆశ ఏమైనా ఉంటే అది ఒకటే. మా వీధిలోంచి మస్కట్ వెళ్ళిన వాళ్ళందరూ వలలు లాగడానికీ బరువులు మొయ్యడానికీ వెళ్ళినవాళ్ళే. ఒక ఆడపిల్ల తన చదువు పట్టుకుని వెళ్ళడం నా కళ్ళతో చూడాలని ఉంది. అది ఆశే అయితే ఉందని ఒప్పుకుంటాను.

ఆగస్టులో రాసింది, తప్పింది. ఆ సంగతి మీకు తెలుసు. మీకు తెలియనిది ఏమిటంటే, ఆ రోజు అది ఏడవలేదు. కబురు తెలియగానే నేను వెళ్ళి వీపు నిమిరి, ఏటీ అవదే, నానున్నాను గదా అన్నాను. జగదీష్ అదే అన్నాడు. మీరు ఫోనులో అదే అన్నారు. వీధిలో ఎదురైన ప్రతివాళ్ళూ అదే అన్నారు. అన్నిటికీ తలూపి, జడ వేసుకుని, బరంపురం బస్సెక్కి డ్యూటీకి పోయింది. గట్టి పిల్ల, దులిపేసుకుందని నేను సంబరపడ్డాను.

కొన్నాళ్ళకి మళ్ళీ పుస్తకాలు తీసింది. సాయంత్రం పూట జగదీష్ ప్రశ్నల పుస్తకం పట్టుకుని ఇంగ్లీషులో చదువుతాడు. వాడు చదివే తీరు మీరు వినాలి. రోగి గుండె గురించి చదివినా సైలెన్సర్ గురించి చదివినట్టే ఉంటుంది. రింకి నా కోసం ఆ ప్రశ్న తెలుగులో చెబుతుంది. నేను కూడా జవాబు చెప్పాలని దాని పట్టు. నేను చెప్పినవన్నీ తప్పులే. వార్డులో నలుగురు రోగులున్నారు, ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలని ఒక ప్రశ్న. ముసలాయన దగ్గరికి, పెద్దవాడు కదా అన్నాను. గట్టిగా అరిచేవాడి దగ్గరికని మావాడు అన్నాడు. ఇద్దరమూ తప్పాం. మంచం మీద నిటారుగా కూర్చుని, మాట పెగలక ఊరికే చూస్తున్నవాడి దగ్గరికట. అరిసీవోడికి ఊపిరుంది అత్తా, అరవలేనోడిని ముందు సూడాల అంది. నాకు బుద్ధొచ్చింది గానీ మార్కులు రాలేదు.

ఒక సాయంత్రం ఒక ప్రశ్న వచ్చింది. అక్కడే ఇంట్లో గొడవ మొదలైంది. ఆపరేషన్‌కి సిద్ధంగా ఉన్న రోగి, నాకు చాలా భయంగా ఉందని నర్సుతో అంటాడు. నర్సు ఏమనాలి. ఏమీ కాదు, మేమున్నాం, భయపడకండి అనేది మొదటి జవాబు. మీ డాక్టరు చాలా అనుభవం ఉన్నవాడు అనేది రెండోది. అందరికీ ఇలాగే ఉంటుంది అనేది మూడోది. మీకు ఏది భయంగా ఉందో చెప్పండి అనేది నాలుగోది. ఇందులో ఆలోచించడానికి ఏముంది, మొదటిదే అన్నాను. జగదీష్ అదే అన్నాడు. పక్కింట్లో వల బాగుచేసుకుంటున్న అసిరయ్యని పిలిచి అడిగితే ఆయనా మొదటిదే అన్నాడు, మిగతా మూడూ ఎందుకు రాశారో తెలియడం లేదని కూడా అన్నాడు.

రింకి నవ్వింది. ముగ్గురూ తప్పారు, నేనూ అలాగే తప్పాను అంది. ఆగస్టులో ఆ మాదిరి ప్రశ్న వచ్చిన ప్రతిచోటా ఏమీ కాదు అనే జవాబే నొక్కి వచ్చిందట. నొక్కదా మరి. పొద్దున్న వార్డులో అడుగుపెట్టింది మొదలు అది చెప్పే మాట అదే. తెలుగువాళ్ళకి ఏటీ అవదు, ఒడియా వాళ్ళకి కిచ్ఛి హెబ నాహి. మందు బిళ్ళతో పాటు ఆ మాట కూడా చేతిలో పెట్టడం దానికి అలవాటు. నాకు ఒళ్ళు మండింది. మనిషికి ధైర్యం చెప్పడం తప్పెలా అవుతుంది, ఆ పరీక్ష పెట్టినవాళ్ళకి తల్లులు లేరా అని కేకలేశాను. అది మెల్లిగా చెప్పింది. ఏటీ అవదు అన్నాక ఆడు ఇంకేటి సెప్తాడు అత్తా, ఆడి నోరు మనమే మూసీసినట్టు గదా అంది. నేను ఒప్పుకోలేదు. వాదనలో మీ పిల్ల గెలిస్తే నాకు అన్నం సయించదు.

కానీ తరవాత కళ్ళారా చూశాను. దాని కోసమే ఈ ఉత్తరం.

కార్తీకం రాకముందు మాట. ఆ రోజు సరుకు తొందరగా అమ్ముడుపోతే, దానికి అన్నం కేరియర్ ఇద్దామని నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాను. వార్డు గుమ్మం దగ్గర మంచం మీద అస్కా వైపు నుంచి వచ్చిన చెరకు రైతు ఒకాయన ఉన్నాడు. ముసలాయన. గజ్జల్లో వరిబీజం ఆపరేషన్‌కి ఆ పొద్దున్నే ఊరి నుంచి వచ్చాడట, కాసేపట్లో లోపలికి తీసుకెళ్తారట. తువాలు తల మీద కప్పుకుని వణుకుతున్నాడు. మోతే డర లాగుఛి, నాకు భయంగా ఉందని తనలో తనే అనుకుంటున్నాడు. నా నాలిక చివరి వరకూ వచ్చేసింది ఆ పాత మాట. అంతలో రింకి వచ్చింది. దాని పెదాలు కూడా కదిలాయి వదినా, కిచ్ఛి అన్నంత వరకూ నాకు వినిపించింది. అక్కడ ఆగిపోయింది. ఆగి, ఒక స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. మీకు ఏది భయంగా ఉందో చెప్పండి మవుసా అని, బాబాయిని పిలిచినట్టు ఒడియాలో అడిగింది.

ఆయన తువాలు ఇంకా కిందికి లాక్కున్నాడు. ఇది లేవలేదు. అవతల మంచం మీద నుంచి ఎవరో పిలిస్తే వేరే నర్సుని వెళ్ళమని సైగ చేసింది. నాకే కాళ్ళు పీకాయి, ఇంకా ఎంతసేపు కూర్చుంటుందిరా బాబూ అనిపించింది. చివరికి ఆయన తువాలు తీసి, ఆపరేషన్‌కి కాదమ్మా, డాక్టరు తిడతాడని భయం అన్నాడు. ఎందుకు తిడతాడంటే, తెల్లవారుజామున పఖాళ తిన్నాడట. మన చద్దన్నమే. రాత్రి నుంచి ఏమీ తినకూడదని ఆసుపత్రి వాళ్ళు చెప్పారు. కానీ కోతకి వెళ్ళే మనిషి వట్టి కడుపుతో గడప దాటకూడదని ఆయన భార్య గిన్నె నిండా పెట్టిందట. మన ఇళ్ళల్లో మాత్రం దాటనిస్తామా. వచ్చినప్పటి నుంచి అందరూ ఏమీ తినలేదు కదా అని అడగడమే, ఆయన తల అడ్డంగా ఊపడమే. అలా అడిగితే ఎవరు మాత్రం తిన్నానంటారు.

మత్తు ఇచ్చాక ఆ అన్నం గొంతులోకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుందని రింకి నాకు తరవాత చెప్పింది. అప్పుడు మాత్రం ఆయన్ని ఒక్క మాట తిట్టలేదు. లేచి వెళ్ళి డాక్టరుకి చెప్పింది. ఆయన కాస్త విసుక్కుని ఆపరేషన్ మర్నాటికి మార్చాడు. మళ్ళీ వచ్చి ముసలాయనకి దుప్పటి కప్పి, చెప్పి మంచి పని చేశారంది. అప్పుడు ఆయన వణుకు తగ్గింది. నేను కేరియర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా చేతిలోంచి అది తీసుకుంటూ, ఈ పరీక్ష ఎవరు పెట్టారో గానీ మంచోళ్ళే అత్తా అంది. ఆ రైతు బాగై వెళ్ళి, భార్య చేత ఒక మోపు చెరకు పంపించాడు. పెరట్లో ఉంది. నాకు పళ్ళు లేవని వాళ్ళకి ఎవరు చెబుతారు.

వదినా, నేను బజారులో జీవితం గడిపినదాన్ని, రకరకాల మనుషుల్ని చూశాను. తప్పు చూపిస్తే చూపించినవాడి మీద మండిపడేవాళ్ళే అందరూ. నేను ముందు వరసలో ఉంటాను. తూకం తగ్గిందని ఎవరైనా అంటే తక్కెడ విసిరేస్తాను. మీ పిల్ల అలా కాదు. పరీక్ష తప్పితే పరీక్షని తిట్టలేదు. తప్పు ఎక్కడుందో వెతికింది. దొరికాక, అది తన మంచితనంలోనే ఉందని తెలిసి కూడా దిద్దుకుంది. చెడ్డ అలవాటు మానుకోవడం ఒక ఎత్తు, మంచిదనుకున్న అలవాటు మానుకోవడం ఇంకో ఎత్తు. అది దిద్దుకున్నది మార్కుల కోసం కాదు, ఆ రోజు అక్కడ మార్కులేసేవాళ్ళు ఎవరూ లేరు. ఇలాంటి పిల్లని కని, పెంచి, నా ఇంటికి పంపినందుకు మీకు దణ్ణం పెడుతున్నాను. రింకి అని కుక్కపిల్లకి పెట్టినట్టు ఆ పేరు ఎందుకు పెట్టారో గానీ, పిల్లని మాత్రం బంగారంలా పెంచారు.

ఇక్కడ కలం మొరాయించింది. పాత కలం. కాసేపు ఆగితే మళ్ళీ నడుస్తోంది.

ఇక అసలు కష్టం. మొన్న మంగళవారం ఇంట్లో కూర్చుని నమూనా పరీక్ష ఒకటి రాసుకుంది. నెగ్గడానికి కావలసినదాని కంటే మళ్ళీ కొంచెం తక్కువ వచ్చింది. అదే రోజు మీ ఫోను వచ్చింది. ఏటీ అవదు తల్లీ, ఆ పరీక్ష మానీసి ఇంటికి వచ్చీయ్ అన్నారు. ఆ తరవాతే నన్ను పిలిచి నాలుగు వడ్డించారు. అప్పటి నుంచి పిల్ల మాట తగ్గించింది. సాయంత్రం ప్రశ్నలు అడగడం లేదు. జగదీష్ పుస్తకం పట్టుకుని వస్తే రేపు చూద్దాం అంటుంది. వాడు తల్లి మొహం చూస్తాడు, నేను గోడ మొహం చూస్తాను. గుమ్మం పక్కన ఎర్ర సంచి ఒకటి వచ్చి చేరింది, జిప్పు వేసి ఉంది. అందులో ఏముందని నేను అడగలేదు.

పరీక్ష వచ్చే వారమే. రాస్తుందో మానేస్తుందో దాని ఇష్టం. రాయమని మీరు చెప్పనక్కర్లేదు, వద్దని చెప్పనక్కర్లేదు. నేనూ చెప్పలేదు. నాది ఒక్కటే మనవి. దానికి ఏది భయమో మీరు అడగండి వదినా. ఆగస్టు నుంచి ఇంతమందిమి ఇన్ని ధైర్యాలు చెప్పాం, ఆ మాట ఒక్కరం కూడా అడగలేదు. అస్కా ముసలాయన కోసం స్టూలు వేసుకుని కూర్చున్న పిల్ల ముందు మనలో ఒక్కళ్ళమైనా పీట వేసుకుని కూర్చున్నామా. నేను ఇవాళ పొద్దున్న కూర్చున్నాను. అడిగాను. అది చెప్పింది. ఏం చెప్పిందో ఈ ఉత్తరంలో మీకు చెప్పను. మీరడిగితే మీకే చెబుతుంది.

మళ్ళీ మొరాయించింది కలం. ఈసారి ఎక్కువసేపే ఆగింది. ఇక ముగిస్తాను.

చెరకు నమలగలిగిన అన్నయ్యగారిని తీసుకుని ఒకసారి రండి. కోపం ఇంకా మిగిలి ఉంటే అది కూడా తెచ్చుకోండి, ఎదురెదురుగా తిట్టుకుని అన్నం తిందాం. పిల్ల విషయంలో మనిద్దరం చెరో ఒడ్డునా ఉండొద్దు.

ఇట్లు,
మీ మేలు కోరే వియ్యపురాలు,
కన్నమ్మ

తా.క.

అమ్మా, నేను రింకిని. అత్తకి ఒడియాలో తన పేరు సంతకం చెయ్యడం తప్ప రాయడం రాదని నీకు తెలుసు. నువ్వు దిద్దించిన అక్షరాలే కాబట్టి మొదటి వాక్యం దగ్గరే నా రాత పోల్చి ఉంటావు. ఆమె మన మాటల్లో చెప్పింది, నువ్వు నేర్పిన తెలుగులో నేను పెట్టాను. కలం పాతది కాదు, ఆగింది నా చెయ్యి. నన్ను పొగిడిన చోటల్లా వదిలేద్దామని చూశాను, కానీ ప్రతి ముక్కా తిరిగి చదివించుకుంది. కలం మొరాయించిందన్న మాట కూడా ఆమే చెప్పి రాయించింది.

నీకు తెలియనిది ఇంకోటి ఉంది. ఈ కాగితం పొద్దున్న నేను తీసింది, పరీక్ష రాయను, బుధవారం సంచితో వచ్చేస్తాను అని నీకు రాయడానికి. ఫోనులో ఆ మాట చెప్పే గొంతు నాకు లేకపోయింది. అత్త వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. సంచి సంగతి ఎత్తలేదు. దేనికి బయవో సెప్పే అంది. ఎంతసేపటికీ లేవలేదు. చివరికి చెప్పాను. పరీక్ష తప్పుతానని కాదమ్మా నా భయం. తప్పాక మీరందరూ మళ్ళీ ఏటీ అవదు అంటారు. ఆ మాట అన్నాక నేను పడిన కష్టం కూడా ఏమీ కానట్టే అయిపోతుంది, ఏడవడానికి కూడా చోటుండదు. ఆగస్టులో నేను ఏడవనిది గట్టిదాన్ని కాబట్టి కాదు.

అత్త విని నా చెయ్యి పట్టుకుంది. నేను ఇవాళ ఏడ్చాను. తరవాత, ఆ కాగితం దాచకు, నాను సెప్తాను, నువ్వు రాయి అంది. అదే ఇది.

ఎర్ర సంచిలోంచి చీరలు తీసేసి పుస్తకాలు సర్దాను. ఛాడఖాయి దాటిన మర్నాడు హైదరాబాదు రైలు. ఎక్కే ముందు నీకు ఫోను చేస్తాను, ఎత్తు. ఏటీ అవదు అని మాత్రం అనకమ్మా. దేనికి భయమో అడుగు, చెబుతాను.